సున్నా డిగ్రీల ప్యాంటు

సోమవారం మధ్యాహ్నం పన్నెండూ ఐదుకి తార్మో హాపకోస్కి తన ఇంటి స్నానాలగదిలో నిలబడి తడిసిన ప్యాంటు పిండుతున్నాడు. ఒంటిమీద చొక్కా, జాకెట్ అన్నీ ఉన్నాయి, కింద మాత్రం లోపలి పంట్లామే. అది కూడా తొడల దాకా తడే. పిండిన నీళ్ళు గుడగుడమంటూ కన్నంలోకి పోతుంటే ఆయన ఆ చప్పుడు వినకుండా కిటికీ వైపు చూస్తున్నాడు. కింద గుమ్మం పక్కన టపా సైకిల్ తాళం వేసి ఉంది. ముందు పెట్టెలో ఇంకా సగం ఊరి ఉత్తరాలు ఉన్నాయి.

ఇదేదో ఒక్కరోజు జరిగిన ముచ్చట అయితే చెప్పుకోవాల్సిన పనే లేదు. మూడు వారాల్నుంచి రోజూ ఇదే తంతు. పొద్దున ఒక ప్యాంటు వేసుకుని వెళ్ళడం, మధ్యాహ్నం దొంగలా ఇంటికి రావడం, ఇంకోటి తొడుక్కుని పరిగెత్తడం. దానికి నలభై నిమిషాలు. ఆయన రూట్‌లోనే ఆయన ఇల్లు ఉండటం అదృష్టమో దురదృష్టమో ఆయనకే తెలీదు.

చలి పెద్దదని కాదు సుమా. ఉత్తరాన మంచుదేశంలో ఔలు ఊళ్ళో పుట్టినోడికి చలంటే లెక్కేంటి. మైనస్ ఇరవైలో పిల్లలు సైకిళ్ళ మీద బడికి పోతారు, ముసలమ్మలు సైకిళ్ళ మీద పాలకి పోతారు. డిసెంబరంతా, జనవరంతా తార్మో హాయిగా తొక్కాడు. మైనస్ ఇరవై అంటే పొడి చలి. మంచు పిండిలా ఉంటది, ప్యాంటు మీద పడితే దులుపుకుంటే రాలిపోద్ది. బాధంతా సున్నా దగ్గర. ఫిబ్రవరిలో సముద్రం మీంచి వెచ్చగాలి వచ్చిందంటే అయిపోయింది. పైనుంచి వానా కాదు మంచూ కాదు, రెండూ కలిసి పడతాయి. కిందనేమో దారి మీద మంచుబురద, చక్రం దాన్ని చిమ్మి చిమ్మి పిక్కల మీద కొడతది. మోకాలు తడిసిందా, దాని మీద గాలి తగిలిందా, ఇంక ఆ మోకాలు మనది కాదు.

తార్మోకి యాభై ఏడేళ్ళు. ముప్పై ఏళ్ళు కాగితం మిల్లులో పనిచేశాడు. మిల్లు మూసేశారు. రెండేళ్ళు ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నాడంటే ఊరికే కూర్చోలేదు, బస్సు నడిపే కోర్సులో చేరి మానేశాడు, పడవ చెయ్యడం మొదలుపెట్టి మానేశాడు, ఆరోగ్యానికి మంచిదని చన్నీళ్ళ ఈత మొదలుపెట్టి రెండో వారంలో మానేశాడు. చివరికి ఈ టపా పని దొరికింది. నాలుగు నెలలు చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నారు. ఆ నాలుగు నెలలూ ఈ శుక్రవారంతో అయిపోతాయి. ఈసారి కూడా పోతే, వెళ్ళగొట్టారంటే జనం నమ్మరు, మళ్ళీ మానేశాడంటారు. ముఖ్యంగా ఇంట్లో.

సోమవారం సాయంత్రం డ్యూటీ దిగుతుంటే సైలా పిలిచింది. సైలా ఆ టపా డిపోకి పైఅధికారి, నలభై ఏళ్ళుంటాయి, మాట తక్కువ మనిషి. చేతిలో తార్మో మెషీన్ ఉంది. ఏ గుమ్మం దగ్గర ఎప్పుడున్నాడో అన్నీ చెప్పే మెషీన్.

"తార్మో, నీ భోజనం బ్రేకు పదకొండింటికి అయిపోద్ది కదా."

"అవును."

"మరి రోజూ పన్నెండు నుంచి పన్నెండూ నలభై దాకా ఈ ఖాళీ ఏంటి? మూడు వారాల్నుంచి ఉంది."

తార్మో బూట్ల వైపు చూసుకున్నాడు.

"ఈ వారం ఆ ఖాళీ నాకు కనపడకూడదు," అంది సైలా. "కనపడితే శుక్రవారం నేను సంతకం పెట్టలేను. అర్థమైందా?"

"అయింది."

అంతే. ఆ ఒక్క ముక్క, అమ్మా ప్యాంటు తడుస్తోంది అన్న ముక్క, బయటికి రాలేదు. మిల్లులో మరిగే గుజ్జు తొట్ల పక్కన ముప్పై ఏళ్ళు నిలబడ్డ మగాడు తనకంటే పదిహేడేళ్ళు చిన్నదైన ఆడమనిషి ముందు నిలబడి, నా మోకాళ్ళు తడుస్తున్నాయి అని ఎట్టా చెప్తాడు. చెప్పలేదు.

మంగళవారం ఆ నలభై నిమిషాల ఖాళీ రాకూడదని ప్యాంటు మార్చుకోకుండానే రూట్ అంతా తిరిగాడు. తిరిగాడు గానీ ఆఖరి వీధికి వచ్చేసరికి మెట్లు దిగాలంటే కమ్మీ పట్టుకోవాల్సి వచ్చింది. డిపోకి చేరేసరికి గంట ఆలస్యం. ఈ లెక్కన ఖాళీ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. డ్యూటీ దిగిన వెంటనే కుంటుకుంటూ ఊళ్ళో పెద్ద ఆటల సామాను దుకాణానికి వెళ్ళాడు.

అక్కడ ఒక గోడ మొత్తం ప్యాంట్లే. చూసి తార్మోకి కాళ్ళు ఇంకా నొప్పెట్టాయి. గాలి ఆగేవి, నీళ్ళు ఆగేవి, ముందు భాగం గాలి ఆగి వెనక సాగేవి, లోపల బొచ్చున్నవి, కాళ్ళకి అతుక్కుపోయేవి, మోకాలి దగ్గర జిప్పున్నవి. అమ్మాయి ఒకతె వచ్చి "సాయం చెయ్యనా?" అంది.

"ఊరికే చూస్తున్నా."

అమ్మాయి వెళ్ళిపోయింది. వెళ్ళిపోయాక అడిగితే బాగుండేదనిపించింది. మళ్ళీ పిలవడం ఎందుకులే అనుకున్నాడు. మార్చుకునే గదిలోకి నాలుగు తీసుకుపోయి, ఒక్కోటి తొడుక్కుని, గోడ పట్టుకుని గాల్లో సైకిల్ తొక్కి చూశాడు. పక్క గదిలోంచి ఎవరో "అంతా బానే ఉందా?" అని అడిగారు. బానే ఉందన్నాడు. ఒకటి నడుం దగ్గర దిగిపోతోంది. ఒకటి వేసుకుంటే సర్కస్ వాడిలా ఉన్నాడు. చివరికి అన్నిటికంటే మందంగా ఉన్నది, కుట్లమీద కూడా టేపు అంటించి ఉన్నది, చుక్క నీరు లోపలికి పోదని రాసి ఉన్నది తీసుకున్నాడు. నూట నలభై యూరోలు. బీరువా తలుపంత బరువుగా ఉందది.

ఇంటికెళ్ళి వంటగదిలో అది తొడుక్కుని తొడమీద గ్లాసుడు నీళ్ళు పోసుకున్నాడు. నీళ్ళు ముత్యాల్లా దొర్లి నేలమీద పడ్డాయి. ఆయన భార్య హిల్కా పూల దుకాణంలో పనిచేస్తది, అప్పుడే వచ్చి కోటు విప్పుతోంది.

"చూశావా," అన్నాడు తార్మో. "బాతు ఈకలే."

"చూశాను. నేల ఎవరు తుడుస్తారు, బాతా?"

బుధవారం పొద్దున పది దాకా స్వర్గం. మంచునీళ్ళు పడుతున్నాయి, జారిపోతున్నాయి. చక్రం బురద చిమ్ముతోంది, జారిపోతోంది. తార్మోకి నోట్లో ఈల కూడా వచ్చింది. ఆయన రూట్‌లో చాలావరకు మూడంతస్తుల పాత బిల్డింగులు, లిఫ్టులు లేవు. ప్రతి ఇంటి తలుపుకీ సందు ఉంటది, అందులో ఉత్తరం దూర్చాలి. ఎక్కాలి, దిగాలి, సైకిలెక్కాలి, మళ్ళీ దిగాలి. పదిన్నరకి తొడ లోపల ఏదో వెచ్చగా అనిపించింది. పదకొండుకి అదే తడి అయింది. కుట్టు ఊడిందేమోనని ఒక మెట్ల గదిలో చెయ్యిపెట్టి వెతికాడు. పై తలుపు తీసుకుని ఒక పెద్దాయన కిందకి చూసి, ఏమీ అనకుండా మళ్ళీ తలుపేసుకున్నాడు.

కుట్టు ఊడలేదు. నీళ్ళు బయటివి కావు. అంతా ఆయనవే. నూలు లోపలి పంట్లాం చెమట తాగి తాగి కాళ్ళకి తడిగుడ్డ చుట్టినట్టు అయిపోయింది. ఆ తడితో నది వంతెన మీదకి వచ్చాడు. అక్కడ గాలి. వంతెన సగానికి వచ్చేసరికి ఎడమ మోకాలు వంగనంది.

పన్నెండూ పదికి తన బిల్డింగ్ గుమ్మం ముందు తాళంచెవి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. లోపలికి వెళ్ళకూడదు. వెళ్ళకపోతే మోకాలు లేదు. ఒక నిమిషం అటూ ఇటూ నడిచాడు. చివరికి మెట్లు పరిగెత్తి ఎక్కి, లోపలిది మార్చుకుని, పరిగెత్తి దిగాడు. పదిహేను నిమిషాలు కూడా పట్టినట్టు లేదనుకున్నాడు. సైకిలెక్కగానే మెషీన్ పీమంది. సైలా దగ్గర్నుంచి ఒకే ఒక్క మాట వచ్చింది.

"పదిహేను."

బుధవారం సాయంత్రం ఆరు నుంచి ఏడు వాళ్ళ ఇంటికి బిల్డింగ్ ఆవిరి గదిలో వంతు. పెళ్ళైన కాణ్ణుంచి ఆ వంతు మారలేదు. హిల్కా పై మెట్టు మీద కాళ్ళు చాపుకు కూర్చుంది. తార్మో కింది మెట్టు మీద కూర్చున్నాడు, కూర్చున్నోడు కూర్చున్నట్టు లేడు, లేస్తాడు, నీళ్ళ బకెట్ జరుపుతాడు, మళ్ళీ కూర్చుంటాడు.

"నువ్వట్టా ఆడుతుంటే నాకు చెమట పట్టదు," అంది హిల్కా.

"రేపొక్కరోజు, ఎల్లుండొక్కరోజు. రెండూ సున్నానే అంటున్నాడు టీవీవాడు. ఎల్లుండి గాలి కూడానట."

"ఆ తైమిని అడగొచ్చుగా. ముప్పై ఏళ్ళ నించి టపా వేస్తోందన్నావ్."

తార్మో బకెట్ మళ్ళీ జరిపాడు.

"ఆవిడ తడవదా?"

"తడవదు. డిపోకొచ్చి కుర్చీలో కూర్చుంటే కుర్చీ కూడా తడవదు."

"మరి?"

"నేను అడగను."

"ఎందుకు?"

తార్మో చేత్తో మొహం తుడుచుకున్నాడు. "నేను చేరిన మొదటి రోజు... ఆవిడ ప్యాంటు మీద ఇంకోటి ఏదో కట్టుకుంటది, పావడా లాగా. నేను, ఏంటమ్మా ఆదివారం కాదే, చర్చికి పోతున్నావా అన్నాను. అందరూ నవ్వారు."

"ఆవిడ?"

"ఆవిడ నవ్వలేదు."

హిల్కా కాళ్ళు దగ్గరికి లాక్కుంది. తర్వాత మెల్లిగా అంది, "బస్సు కోర్సు, పడవ, చన్నీళ్ళ ఈత..."

"లెక్క చెప్పకు."

"లెక్క కాదు. వాటిలో ఏదీ నీకు రాక మానలేదు తార్మో. పక్కనోణ్ణి ఒక్క ముక్క అడగాల్సొచ్చే సరికి మానేశావ్."

తార్మో గరిటెతో మూడుసార్లు నీళ్ళు కాగిన రాళ్ళమీద పోశాడు. ఆవిరి లేచి ఇద్దరికీ మాట రాకుండా అయింది. ఆయనకి కావాల్సింది కూడా అదే.

గురువారం తొమ్మిదింటికి కాఫీ బ్రేకు. పది నిమిషాలు. ఉత్తరాలు వరస పెట్టడం అయిపోయి, రూట్‌కి బయలుదేరే ముందు అందరూ బల్ల చుట్టూ కూర్చుంటారు. తైమి ఎప్పుడూ గోడ పక్క కుర్చీలోనే, అరవై మూడేళ్ళ పొట్టి మనిషి, కాఫీలో ముంచుకుని బన్ను తింటది. తార్మో డిపో ఇచ్చిన ప్యాంటు మీద ఆ బరువు ప్యాంటు వేసుకునే ఉన్నాడు, వానకి ఆగేది ఇంకేం లేదు గనక. కప్పు పట్టుకుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు. లేచాడు. పాలు తెచ్చుకున్నాడు. ఆయన పాలు తాగడు. మళ్ళీ కూర్చున్నాడు. నాలుగు నిమిషాలు అయిపోయాయి.

"తైమీ."

"ఊ."

"నీ కాళ్ళు ఎట్టా తడవవు?"

బల్ల దగ్గర మిగతావాళ్ళు కప్పుల్లోకి చూసుకుంటున్నారు. తైమి బన్ను ముక్క నమిలి మింగింది. తొందరేం లేదన్నట్టు.

"లోపల ఏం వేసుకున్నావ్?"

"అంటే..."

"అడిగావ్ కదా. చెప్పు. నూలా?"

"నూలే."

"నూలు," అంది తైమి పక్కనోడి వైపు తిరిగి, ఎవరో చచ్చిపోయారన్నట్టు. మళ్ళీ ఇటు తిరిగి, "నూలు నీళ్ళు తాగి పట్టుకుంటది. ఉన్ని తడిసినా వెచ్చగా ఉంటది. పలచటిది చాలు, లావుది వద్దు. దాని మీద మన డిపో ప్యాంటు, వదులుగా. గుమ్మంలోంచి బయటికి రాగానే కొంచెం చలేయాలి. వెచ్చగా ఉందంటే ఎక్కువ వేసుకున్నావని. రెండో బిల్డింగ్‌కల్లా ఉడికిపోతావ్."

"మరి ఇది?" తన తొడ మీద చెయ్యేశాడు తార్మో.

"ఇది పడవలో చేపలు పట్టేవాడికి. వాడు కదలడు. నువ్వు రోజుకి యాభై మెట్లగదులు ఎక్కుతావ్. దీంట్లో నువ్వు ఉడకబెట్టిన బంగాళాదుంపవి." కప్పు కింద పెట్టి లేచింది. "లే. వెనక్కి తిరుగు."

తిరిగాడు. నవ్వు ఎవరూ నవ్వలేదు గానీ ఒకడికి దగ్గొచ్చింది.

"వాన ఎక్కడ పడుతోంది? ముందు. తొడల మీద, మోకాళ్ళ మీద. బురద ఎక్కడ పడుతోంది? పిక్కల మీద. నీ వెనకాల ఏం పడుతోంది?"

"ఏం లేదు. సీటు మీద కూర్చునుంటానుగా."

"అందుకని అక్కడ బట్ట అక్కర్లేదు. చెమట అక్కణ్ణుంచే పోవాలి." తైమి తన పావడాని చూపించింది. అది పావడా కాదు. నడుముకి బెల్టు, ముందు తొడలమీదుగా నీళ్ళు ఆగే బట్ట, మోకాలి కింద గొట్టంలా కాలు చుట్టూ. వెనక నడుం కింద నుంచి మోకాలి దాకా ఏమీ లేదు, వట్టి ప్యాంటే. ఆవిడే పాత గుడారం గుడ్డతో కుట్టుకుంది. "జాకెట్ తోక పొడుగ్గా ఉంటే పిర్రలకి అది చాలు. ప్యాంటు బూటు పైనుంచి రావాలి, లోపలికి దోపకూడదు, దోపితే నీళ్ళన్నీ బూట్లోకే."

"ఇట్టాంటిది ఎక్కడ దొరుకుద్ది?"

తైమి ఉత్తరాల కట్టల దారం కోసే పెద్ద కత్తెర తీసుకుంది. "విప్పు."

తార్మో రెండు చేతులా నడుం పట్టీ పట్టుకున్నాడు. "ఇది మొన్ననే కొన్నా."

"తెలుసు. ధర చీటీ ఇంకా వెనకాల వేలాడుతోంది. తిరిగిచ్చేయ్, నాకేం పోయింది."

గోడ మీద గడియారంలో మూడు నిమిషాలు మిగిలాయి. తార్మో ఆ కత్తెర వైపు చూశాడు, కిటికీ బయట అడ్డంగా పడుతున్న తడి మంచు వైపు చూశాడు. బెల్టు విప్పి, ప్యాంటు తీసి బల్ల మీద పెట్టాడు. లోపల డిపో ప్యాంటు ఉంది కాబట్టి సరిపోయింది. తైమి ఇంకేం అడగలేదు. నడుం పట్టీ వదిలేసి, దాని కిందనుంచి కత్తెర దింపింది. ఆ టేపు కుట్లు తెగుతుంటే చప్పుడు గట్టిగా వచ్చింది. అందరూ చూస్తున్నారు. నూట నలభై యూరోల ప్యాంటు వెనకభాగం రెండు ముక్కలై నేలమీద పడింది.

"కట్టుకో," అంది. "ఇవాళ నీకు ఉన్ని లేదు. ఆ నూలుది తీసేసి, లోపల ఏం లేకుండా డిపో ప్యాంటుతోనే పో. అదే నయం."

కట్టుకుంటూ తార్మో అన్నాడు, "మూడు వారాల్నుంచి చూస్తున్నావుగా నేను కుంటడం. ఒక్క మాట చెప్పొచ్చుగా."

తైమి కత్తెర మేకుకి తగిలిస్తూ ఆయన వైపు నిజంగానే ఆశ్చర్యంగా చూసింది. "నువ్వు అడగలేదుగా. అడక్కుండా ఒక మనిషి ప్యాంటు గురించి మాట్లాడటానికి నేనెవర్ని?"

ఆ రోజు ఇంటికి వెళ్ళకుండా రూట్ పూర్తయింది. లోపల ఏం లేదు గనక చలేసింది, బాగానే వేసింది, కానీ తడి చలి కాదు. మోకాలు వంగింది. మెషీన్ పీమనలేదు. సాయంత్రం ఉన్నిది కొందామనుకుంటే హిల్కా తన స్కీయింగ్ బట్టల అరలోంచి ముదురు వంగపండు రంగుది ఒకటి తీసి ఆయన ఒళ్ళో వేసింది.

"ఇది నీదిగా."

"లోపల ఉండేదాన్ని ఎవరు చూస్తారు? నువ్వు దుకాణంలో తొక్కానన్నట్టు గాల్లో సైకిల్ తొక్కి చూడు, నడుం దిగుతుందేమో."

శుక్రవారం టీవీవాడు చెప్పిందే జరిగింది. సున్నా మీద ఒకటి. సముద్రం మీంచి గాలి. మంచు పైనుంచి కాదు, పక్కనుంచి వస్తోంది. దారి మీద బురద చీలమండ లోతు. తార్మోకి పొద్దుట్నుంచి ఒకటే ఆరాటం. ప్రతి బిల్డింగ్ దగ్గరా ఆగి తొడ తడుముకుంటాడు. పొడి. రెండో బిల్డింగ్ దగ్గర తడుముకుంటాడు. పొడి. పదిన్నరకి వెచ్చగా అనిపించి మళ్ళీ తడుముకున్నాడు, కానీ సైకిలెక్కగానే వెనకనించి గాలి తగిలి ఆ వెచ్చదనం పోయింది. వంతెన మీద కళ్ళు మూసుకుపోయేంత మంచు. దిగి తోసుకుంటూ దాటాడు. ఎడమ బూట్లోకి ఎట్టాగో కొంచెం నీళ్ళు పోయాయి. పోనీ.

పన్నెండూ ఐదుకి తన బిల్డింగ్. మామూలుగా మెట్లెక్కాడు, ఒక్కో తలుపు సందులోంచి ఒక్కోటి దూర్చుకుంటూ. రెండో అంతస్తులో కుడిపక్క తలుపు తనదే. శుక్రవారాలు హిల్కాకి సెలవు. లోపల్నుంచి కాఫీ వాసన వస్తోంది. కరెంటు బిల్లు, ఒక ప్రకటన కాగితం ఉన్నాయి. సందులో పెట్టి తోశాడు. సగం వెళ్ళాక అవతల ఎవరో పట్టుకున్నారు.

"లోపలికొస్తావా?" అంది హిల్కా తలుపు వెనకనించి.

"రాను."

"ఎట్టా ఉంది?"

"ఎడమ బూటు తడిసింది. మిగతాది పొడి."

"అబద్ధమా?"

"కాదు."

కాగితాలు అటువైపుకి వెళ్ళిపోయాయి. తార్మో ఇంకో క్షణం ఆ కాఫీ వాసన దగ్గర నిలబడి, పై అంతస్తుకి ఎక్కాడు.

రెండూ ఇరవైకి డిపోలో సైకిల్ పెట్టాడు. సైలా మెషీన్ తీసుకుని వేలితో పైకి కిందకి జరిపింది. చాలాసేపు చూసింది. తార్మో ఒంటికాలి మీద, ఇంకో కాలి మీద మారి మారి నిలబడ్డాడు. కత్తిరించిన ప్యాంటు అంచుల్నుంచి నీళ్ళు కారి చుట్టూ మడుగు కట్టింది.

"మొన్నటి పదిహేను వదిలేస్తున్నా. నిన్న లేదు. ఇవాళ లేదు," అంది సైలా. సొరుగులోంచి కాగితం తీసింది, పెన్ను తీసింది, సంతకం పెట్టకుండా ఆగింది. "ఒక్కటి అడుగుతా. నాకు చెప్పకపోయినా సంతకం పెడతా. రోజూ మధ్యాహ్నం ఇంటికెళ్ళి ఏం చేసేవాడివి?"

"ప్యాంటు మార్చుకునేవాణ్ణి."

సైలా తలెత్తింది. "ప్యాంటు?"

"తడిసేది."

సైలా పెన్ను కింద పెట్టింది. ఆవిడ మొహం ఎర్రబడింది. "నేను... తాగడానికి వెళ్తున్నావనుకున్నా. మధ్యాహ్నం, నలభై నిమిషాలు, ఇంటికి. మూడు వారాలు. మా నాన్న అట్టాగే వెళ్ళేవాడు."

తార్మోకి కోపం రావాలేమో, రాలేదు. ఈవిడ మూడు వారాలుగా ఆ మాట లోపల పెట్టుకుని తిరుగుతోందన్నమాట, తను ప్యాంటు మాట పెట్టుకుని తిరిగినట్టే.

"అడగొచ్చుగా," అన్నాడు చివరికి.

"ఎట్టా అడుగుతారు అట్టాంటిది?"

"నాకూ తెలీదు. నిన్న పొద్దున తొమ్మిదింటికి మొదటిసారి అడిగాను ఒకర్ని. పాలు పోసుకుని తాగాల్సొచ్చింది."

సైలా సంతకం పెట్టి కాగితం ఆయన వైపు తిప్పింది. "సోమవారం ఆరున్నరకి రా. మైనస్ పద్దెనిమిది అంటున్నారు."

"అమ్మయ్య," అన్నాడు తార్మో, వంగి తన పేరు రాస్తూ.